నలభై అని ఎవరు రాశారు?

రాజమండ్రి నుంచి అమలాపురం వెళ్లేవాళ్లు రావులపాలెం దాకా పదహారో నంబరు జాతీయ రహదారి మీద వస్తారు. నాలుగు వరసల రోడ్డు, నడుమ డివైడరు, జొన్నాడ దాటగానే గౌతమి మీద పొడుగాటి వంతెన. కారు ఎనభైలో పోతున్నా లోపల కూర్చున్నవాళ్లకు తెలియదు. రావులపాలెంలో ఎడమకు తిరిగి కొత్తపేట దారి పట్టారా, అంతా మారిపోతుంది. కొబ్బరిచెట్లు రోడ్డు మీదికి వంగుతాయి. ఇళ్ల గుమ్మాలు తారు అంచుదాకా వచ్చేస్తాయి. అరటిగెలలు వేసుకున్న ఆటో ఒకటి ముందు నింపాదిగా పోతుంటుంది. ఎక్కడో ఓచోట ఎర్రటి వలయంలో ఒక అంకె కనిపిస్తుంది. 40 అనుకుందాం. ఆ తరవాత చాలా దూరం ఏ అంకే ఉండదు.

ఆ 40 ఎవరు రాశారు? 35 కాకుండా, 50 కాకుండా 40 అనే ఎందుకు రాశారు? అసలు బోర్డే లేనిచోట ఎంత వేగంగా పోవచ్చు? ఈ చివరిదాని జవాబే ముందు చెప్పుకోవాలి. ఎక్కువ ఆశ్చర్యపెట్టేది అదే.

బోర్డు లేకపోతే డెబ్బై

మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. అందులో 112వ సెక్షన్ వేగం సంగతి చూస్తుంది. ఒక్కో రకం బండికి గరిష్ఠ వేగం ఎంతో కేంద్రం ప్రకటిస్తుంది. దాన్ని మించి అనుమతించే అధికారం ఎవరికీ లేదు. దానికి లోబడి, ఫలానా రోడ్డుకో ఫలానా ప్రాంతానికో ఇంకా తక్కువ పరిమితి పెట్టే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా రాష్ట్రం అధికారమిచ్చిన సంస్థది. కారణాలు కూడా చట్టంలోనే ఉన్నాయి: ప్రజల భద్రత, వారి సౌకర్యం, రోడ్డు లేదా వంతెన స్వభావం. పరిమితి చెల్లాలంటే గెజిట్‌లో ప్రకటన రావాలి, రోడ్డు పక్కన బోర్డు కూడా ఉండాలి.

2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఎక్స్‌ప్రెస్‌వే మీద కారుకు 120, డివైడరు ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద 100, మునిసిపల్ పరిధిలోని రోడ్ల మీద 70, మిగతా రోడ్లన్నిటి మీదా 70. ఈ చివరి రెండు రకాల రోడ్ల మీద బస్సుకు, లారీకి, మోటారుసైకిలుకు 60. ఆటోకు ఎక్కడైనా 50. ఎక్స్‌ప్రెస్‌వే మీద 120 ఇవ్వడాన్ని తప్పుబడుతూ 2021లో మద్రాస్ హైకోర్టు ఈ నోటిఫికేషన్‌ను కొట్టివేసింది. ఆ వాదన పెద్ద రోడ్లది. మన గోదావరి డెల్టాకు 120తో పనిలేదు, 70తోనే పేచీ.

ఎందుకంటే ఈ పట్టిక ప్రకారం భీమవరం బజారైనా, తణుకులో బడి ముందున్న వీధైనా, రాష్ట్రం అంతకన్నా తక్కువ అంకె ప్రకటించి బోర్డు పెట్టకపోతే, అక్కడ కారు పరిమితి డెబ్బై. అరవై అయిదులో దూసుకుపోయినవాడి మీద ప్రమాదకరంగా నడిపాడని 184వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు గానీ, వేగ పరిమితి దాటాడని పెట్టలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాల చట్టాలను కొలిచేటప్పుడు ఊళ్లలో పరిమితి 50 మించకూడదంటుంది. దాన్ని ఇంకా తగ్గించుకునే అధికారం స్థానిక సంస్థలకు ఉండాలని కూడా అంటుంది. మొదటిది మన దగ్గర లేదు. రెండోది పేరుకే ఉంది.

పేరుకే అనడానికి కారణముంది. రాజ్యాంగం 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలు పంచాయతీలకు అప్పగించదగిన విషయాల్లో రోడ్లు, కల్వర్టులు, వంతెనలను చేర్చింది. పన్నెండో షెడ్యూలు మునిసిపాలిటీలకు రోడ్లూ వంతెనలూ ఇచ్చింది. అంటే రోడ్డు వేయొచ్చు, ఊడ్చుకోవచ్చు, గుంతలు పూడ్చుకోవచ్చు. దాని మీద బండి ఎంత వేగంతో పోవాలో చెప్పాలంటే మాత్రం పైకి రాయాలి.

కొబ్బరిచెట్టు లెక్క

పదో ఇరవయ్యో కిలోమీటర్ల తేడాకి ఇంత చర్చ దేనికి అనిపించవచ్చు. మన బుర్ర వేగాన్ని కూడికలా చూస్తుంది. ముప్పై నుంచి అరవై అయితే ప్రమాదం రెట్టింపు అనుకుంటుంది. దెబ్బ మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగింతలు.

దీన్ని ఎత్తుల్లోకి మార్చి చూస్తే ఒంటికి తెలుస్తుంది. ముప్పై కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడం మూడున్నర మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడటంతో సమానం, అంటే ఒక అంతస్తు డాబా మీద నుంచి. నలభైకి ఆరు మీటర్లు దాటుతుంది. అరవైకి పద్నాలుగు మీటర్లు, ఏపుగా ఎదిగిన కొబ్బరిచెట్టు మొవ్వు దగ్గర నుంచి పడ్డట్టు. ఎనభైకి పాతిక మీటర్లు. అంత ఎత్తు చెట్టు కోనసీమలో వెతికినా అరుదే. దింపు తీసేవాళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. చెట్టెక్కేటప్పుడు ఒళ్లు దగ్గరపెట్టుకునే మనిషే యాక్సిలరేటరు తొక్కేటప్పుడు అదే ఎత్తు ఎక్కుతున్నానని గుర్తించడు. కూర్చున్న సీటు నేలకు జానెడు ఎత్తులోనే ఉంటుంది మరి.

కారు లోపలున్నవారికి బెల్టు, ఎయిర్‌బ్యాగు ఉంటాయి. రోడ్డు దాటేవారికి ఒంటి మీద బట్టలే. కారు గుద్దుకునే వేగం 50 నుంచి 65కు పెరిగితే పాదచారి చనిపోయే అవకాశం నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. స్వీడన్ పరిశోధకుడు యోరాన్ నిల్సన్ ఒక రోడ్డు మీద సగటు వేగం మారితే ప్రమాదాలు ఎలా మారతాయో లెక్కగట్టాడు. సగటు వేగం ఒక్క శాతం పెరిగితే ప్రాణాలు పోయే ప్రమాదాలు సుమారు నాలుగు శాతం పెరుగుతాయి. ఈ లెక్క తిరగేసినా పనిచేస్తుంది. సగటును కాస్త తగ్గిస్తే చావులు చాలా తగ్గుతాయి. వేగ పరిమితి అనే ఆలోచనకు అసలు బలం ఇదే.

ఆగడానికి పట్టే దూరం ఇంకో లెక్క. అడ్డంగా గేదె వచ్చిందని కన్ను చూసి, బుర్ర గ్రహించి, కాలు బ్రేకు మీదికి వచ్చేసరికి రెండున్నర సెకన్లు పడుతుందని మన రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కవేసుకుంటుంది. అరవైలో పోయే బండి ఆ రెండున్నర సెకన్లలో నలభై మీటర్లు దాటిపోతుంది. బ్రేకు ఇంకా పడనే లేదు. పూర్తిగా ఆగేసరికి 80 మీటర్లు కావాలి. నలభైలో అయితే 45 మీటర్లు చాలు, ఎనభైలో అయితే 120.

ఇక్కడి నుంచే పరిమితి పుడుతుంది. కాలువ గట్టు మీద మలుపు, మలుపులో చింతచెట్టు, దాని అవతల నలభై అయిదు మీటర్ల మేరకే దారి కనిపిస్తోందంటే అక్కడ నలభై దాటితే డ్రైవరు కనిపించని చోటును నమ్ముకుని నడుపుతున్నట్టే. లాకుల దగ్గర వీపు ఉబ్బిన పాత వంతెనల మీద చూపు ఇంకా తక్కువ. ఎదుటి బండి నెత్తి కనిపించేసరికి బండి మొత్తం ఎదురుగా ఉంటుంది.

ఈ లెక్కలన్నీ రోడ్డుకు పట్టు ఉంటుందని నమ్మి వేసినవి. భీమవరం, ఆకివీడు, ఉండి రోడ్ల మీద చేపల లారీలు కార్చుకుంటూ పోయే నీళ్ల సంగతి ఏ పట్టికలోనూ ఉండదు. తడిసిన తారు మీద చక్రం జారితే నలభై అయిదు మీటర్లలో ఆగాల్సిన బండి ఆగదు. మోటారుసైకిలు అయితే పడుతుంది.

వందలో ఎనభై అయిదో బండి

*(బాక్సు)*
*ఇంజనీర్లు అంకె ఎలా తేలుస్తారు? రద్దీ లేని సమయంలో, ఎవరి కంటా పడకుండా, రోడ్డు పక్కన స్పీడ్ గన్ పట్టుకుని కనీసం వంద బండ్ల వేగం కొలుస్తారు. ముందు బండి అడ్డులేక తన ఇష్టం వచ్చిన వేగంతో పోయే బండ్లనే లెక్కలోకి తీసుకుంటారు. ఆ వందనూ నెమ్మది నుంచి జోరు దాకా వరసపెడతారు. ఎనభై అయిదో బండి వేగం ఎంతో చూస్తారు. అది 58 అయితే, నూటికి ఎనభై అయిదుగురు 58 లోపే పోతున్నారని అర్థం. ఎక్కువమంది డ్రైవర్లు ఇంగితమున్నవాళ్లే, కాబట్టి ఆ చుట్టుపక్కలే పరిమితి పెడితే సరిపోతుందన్నది దీని వెనకున్న తర్కం. తరవాత మలుపులు, చూపు, ప్రమాదాల చరిత్ర చూసి అంకెను సవరిస్తారు.*

ఈ పద్ధతిలో ఒక నిజం, ఒక లోపం ఉన్నాయి. నిజం ఏమిటంటే డ్రైవరు బోర్డును చూసి నడపడు, రోడ్డును చూసి నడుపుతాడు. వెడల్పు, నునుపు, ముందు కనిపించే దూరం, పక్కన గోడలున్నాయా ఖాళీ పొలమా అన్నదాన్నిబట్టి కాలు తనంతట తానే సర్దుకుంటుంది. తిన్నటి వెడల్పాటి రోడ్డు వేసి 30 అని బోర్డు పెడితే ఎవరూ వినరు. కొందరే విని అందరూ వినకపోవడం మరీ చేటు, ముప్పైలో పోయే ట్రాక్టరు వెనక డెబ్బైలో కారు వస్తుంటే ఆ తేడాయే ప్రమాదమవుతుంది.

లోపం ఏమిటంటే ఆ వందమందిలో ఉన్నవాళ్లంతా డ్రైవర్లే. బడికి సైకిలు తొక్కుకుంటూ పోయే పిల్లనూ, కాలువ రేవు నుంచి బిందెతో రోడ్డు దాటే మనిషినీ ఎవరూ అడగలేదు. పైగా రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ఎనభై అయిదో బండి జోరు పెరుగుతుంది, దాని వెంట అంకె కూడా పెరగాలంటారు. అందుకే చాలా దేశాలు ప్రశ్ననే తిరగేశాయి. డ్రైవర్లు ఎంతలో పోతున్నారని చూడటం మాని, ఇక్కడ గుద్దుకుంటే ఎంత వేగందాకా మనిషి బతుకుతాడని అడగడం మొదలుపెట్టాయి. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన రోడ్డు భద్రతా సమావేశం, మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట ముప్పై దాటొద్దని పిలుపునిచ్చింది. డెల్టాలో మనుషులూ బండ్లూ కలవని రోడ్డు ఏదైనా ఉందా అంటే పదహారో నంబరు రహదారి కూడా కడియపులంక దగ్గర నర్సరీల మొక్కల మధ్య నుంచే పోతుంది.

జాతీయ రహదారి వాళ్లకు ఈ చిక్కు ఎలా విప్పాలో తెలుసు, డబ్బుతో విప్పుతారు. రాజమండ్రిలో మోరంపూడి కూడలి మీద ఫ్లైఓవర్ అలాంటిదే. దూరం పోయే బండ్లు పైన, ఊరి బండ్లు కింద. ఒకే చోట రెండు వేగాలు, ఒకదానికొకటి తగలకుండా. అంబాజీపేటలోనో పెనుగొండలోనో ప్రతి కూడలికీ అలా కట్టలేం. అక్కడ వేగం తగ్గడం ఒక్కటే మార్గం. తగ్గించాలంటే రోడ్డు రూపమే మారాలి.

ఆ మారడమే మన దగ్గర స్పీడ్ బ్రేకరు రూపంలో, ఎక్కువసార్లు రాత్రికి రాత్రి వస్తుంది. ప్రమాదం జరిగిన మర్నాడు ఊరివాళ్లు కంకరా సిమెంటూ కలిపి అడ్డంగా గట్టు కట్టేస్తారు. వాళ్ల బాధ నిజం, కొలతే తప్పు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే గుండ్రటి హంప్ పది సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉంటుంది. పాతిక కిలోమీటర్ల వేగంతో సాఫీగా దాటొచ్చు, అంతకు మించితే కుదుపుతుంది. మనవాళ్లు కట్టే అడుగు వెడల్పు గట్టు పదిలో పోయినా కుదుపుతుంది. ఆశ్చర్యమేమిటంటే జోరుగా పోయే పెద్ద బండిని అది పెద్దగా ఆపదు, నెలలు నిండిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటోను మాత్రం ఆపుతుంది.

గట్టు ఒకరిది, తారు ఒకరిది

కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాకు కాలువలొచ్చాయి, కాలువలకు గట్లొచ్చాయి, గట్ల మీద బండిబాటలు పడ్డాయి. ఆ బాటలే చాలాచోట్ల నేటి తారురోడ్లు. రాజమండ్రి నుంచి కడియం, ద్వారపూడి మీదుగా సామర్లకోట వైపు పోయేదాన్ని ఇప్పటికీ కెనాల్ రోడ్డనే అంటాం. ఇలాంటి రోడ్డుకు ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పల్లం. చక్రం జారితే సర్దుకోవడానికి మార్జిన్ ఉండదు. కింద నల్లరేగడి తడిసి ఉబ్బి, ఎండి బీటలిచ్చి, పైన తారును ఎగుడుదిగుడు చేస్తుంది. వేగ పరిమితి అవసరమైన రోడ్డుకు లక్షణాలు రాయమంటే ఇదే రాయాలి.

ఈ రోడ్డు ఎవరిదో తేల్చడమే కష్టం. గట్టు జలవనరుల శాఖది. దాని మీద తారు రోడ్లు భవనాల శాఖదో పంచాయతీరాజ్ ఇంజనీర్లదో. ఊళ్లోకి రాగానే కొంత మునిసిపాలిటీది. కేసు రాసేది పోలీసు. బండికీ డ్రైవరుకూ కాగితాలిచ్చేది రవాణా శాఖ. కత్తిపూడి నుంచి కాకినాడ, అమలాపురం, నరసాపురం మీదుగా పోయే 216వ నంబరు జాతీయ రహదారి అయితే యానాంలో అడుగుపెట్టగానే పుదుచ్చేరి పాలనలోకి వెళ్లి, వంతెన దాటగానే మళ్లీ ఆంధ్రలోకి వస్తుంది.

ఇందరిని ఒకచోట కూర్చోబెట్టడానికే జిల్లా రోడ్డు భద్రతా కమిటీ. చట్టంలో 215వ సెక్షన్ ఎప్పటి నుంచో ఉంది. 2017 నవంబరు 30న సుప్రీంకోర్టు ప్రతి జిల్లాలోనూ ఈ కమిటీ ఉండి తీరాలని ఆదేశించాక కదలిక వచ్చింది. కలెక్టరు అధ్యక్షుడు, పోలీసు, రవాణా, రోడ్ల శాఖల అధికారులు సభ్యులు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక గోదావరి డెల్టా ఇప్పుడు తూర్పుగోదావరి, కాకినాడ, కోనసీమ, పశ్చిమగోదావరి, ఏలూరు జిల్లాల మధ్య ఉంది. అంటే ఐదు కమిటీలు. ఒక రకంగా ఇది మేలే, అమలాపురం మలుపు గురించి మాట్లాడటానికి కాకినాడ దాకా పోనక్కర్లేదు.

చట్టం రోడ్డుతో పాటు వంతెననూ పేరుపెట్టి చెప్పిందన్నాం కదా. 2015 జూన్‌లో ధవళేశ్వరం బ్యారేజీ మీద నుంచి ఒక వాహనం కిందపడి 22 మంది చనిపోయారు. విశాఖ జిల్లా నుంచి తిరుపతి వెళ్లి వస్తున్న కుటుంబాలు. నీళ్లను ఆపడానికి కట్టిన కట్టడం మీద దారి కూడా వేసుకున్నాం. అక్కడ డ్రైవరు చేసే చిన్న పొరపాటుకు రోడ్డు రెండో అవకాశం ఇవ్వదు. పిట్టగోడ ఎంత గట్టిదో, దాన్ని ఎంత వేగంతో తాకితే నిలుస్తుందో చూసి అంకె రాయాల్సిన చోటు అది.

ఒక్క ఏడాది లెక్క చాలదు

అంకె పెట్టడం ఒక పని. అది పనిచేస్తోందో లేదో తిరిగి చూడటం ఇంకో పని, దాన్నే మనం సాధారణంగా వదిలేస్తాం. బోర్డు వేసిన రోజున పొలంగా ఉన్నచోట ఇప్పుడు ఇంజనీరింగు కాలేజీ ఉంటుంది, వరిచేను రొయ్యల చెరువై ఐసు లారీలు తిరుగుతుంటాయి. రోడ్డు రెండింతలు వెడల్పవుతుంది. పాత అంకె రంగు వెలిసి అక్కడే ఉంటుంది.

తిరిగి చూడటంలో ఒక మెలిక ఉంది. ఒక మలుపులో ఈ ఏడు నలుగురు పోయారనుకుందాం. ఊరు రోడ్డెక్కుతుంది, బోర్డు పాతుతారు. మరుసటేడు ఒక్కరే పోతారు. బోర్డు పనిచేసిందని సన్మానాలు కూడా జరుగుతాయి. అయితే ప్రమాదాల్లో కాకతాళీయం పాలు ఎక్కువ, అవి అప్పుడప్పుడూ గుంపుగా వస్తాయి. మరీ చెడ్డ ఏడాది తరవాత, ఏమీ చేయకపోయినా, మామూలు ఏడాది రావడమే సహజం. అందుకే కనీసం మూడేళ్ల లెక్క కావాలి. జాతీయ రహదారుల మీద బ్లాక్ స్పాట్‌ను నిర్వచించేటప్పుడు కేంద్ర రవాణా శాఖ పెట్టుకున్న కొలత కూడా మూడేళ్లే: సుమారు 500 మీటర్ల మేరలో మూడేళ్లలో ప్రాణాలు పోయిన లేదా తీవ్రంగా గాయపడిన ప్రమాదాలు ఐదు, లేదంటే మొత్తం మరణాలు పది.

గణితంగా ఈ నిర్వచనం సబబే. మనిషిగా చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ సంఖ్య పూర్తయ్యేదాకా ఆ చోటు పట్టికకెక్కదు. ప్రమాదాల కన్నా ముందే కనిపించే గుర్తులు ఉంటాయి: సడన్ బ్రేకుల నల్లటి చారలు, మళ్లీ మళ్లీ విరిగే రెయిలింగు, అద్దాల పెంకులు. ఇవి ఇంజనీరు కన్నా ముందు ఆ మలుపులో కిళ్లీకొట్టు నడిపేవాడికి తెలుస్తాయి. ఐఐటీ మద్రాసు, జాతీయ సమాచార కేంద్రం కలిసి తయారుచేసిన ప్రమాదాల డేటాబేస్‌లో ఇప్పుడు పోలీసులు ప్రతి ప్రమాద స్థలాన్నీ మొబైల్‌లోనే నమోదు చేస్తున్నారు. కిళ్లీకొట్టు సమాచారానికి మాత్రం అందులో చోటులేదు.

వేల్స్‌లో ఏం జరిగింది

బ్రిటన్‌లోని వేల్స్ 2023 సెప్టెంబరు 17న ఇళ్ల మధ్య రోడ్లకు సాధారణ పరిమితిని గంటకు 30 మైళ్ల నుంచి 20 మైళ్లకు, అంటే మన లెక్కలో 48 నుంచి 32 కిలోమీటర్లకు దించింది. గొడవ మామూలుగా జరగలేదు. రద్దు చేయమంటూ వేల్స్ పార్లమెంటుకు వెళ్లిన అర్జీ మీద నాలుగు లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ప్రభుత్వం మొత్తం వెనక్కి తీసుకోలేదు, మొండిపట్టూ పట్టలేదు. ఏ రోడ్డు మీద పాత అంకె ఉండాలో జనాన్ని అడిగి తేల్చుకోమని 2024లో స్థానిక కౌన్సిళ్లకు అప్పగించింది. మొదటి ఏడాదిలో ఆ రోడ్ల మీద గాయపడినవారి సంఖ్య దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఒక్క ఏడాది లెక్కతో తీర్పు చెప్పకూడదన్న సంగతి ఇక్కడా వర్తిస్తుంది.

జనం కోపానికి కారణం ఆలస్యం. నిజంగా ఎంత ఆలస్యం? ఊరి నడుమ కిలోమీటరు రోడ్డును అరవైలో దాటితే ఒక నిమిషం, ముప్పైలో దాటితే రెండు. దారిలో ఐదూళ్లుంటే ఐదు నిమిషాలు పోతాయి. రావులపాలెంలో టీ తాగడానికి ఆగితే అంతకన్నా ఎక్కువ పోతాయి.

సార్వా, దాళ్వా నెలలు

పంచాయతీ ఏం చేయగలదు? తీర్మానం చేసి జిల్లా కమిటీకి పంపవచ్చు. దానికి జతచేయాల్సినవి ఆవేశం నిండిన పేజీల కన్నా కొలతలు: బడి గేటు నుంచి ఎంత దూరం దాకా రోడ్డు కనిపిస్తుంది, ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిది మధ్య ఎంతమంది పిల్లలు దాటుతున్నారు, ఫోన్ స్టాప్‌వాచీతో రెండు కరెంటు స్తంభాల మధ్య బండ్లు ఎన్ని సెకన్లలో పోతున్నాయి. యాభై మీటర్ల దూరాన్ని మూడు సెకన్లలో దాటిన బండి వేగం అరవై. కోర్టులో ఈ కొలత చెల్లదు, వేగం కేసులో యంత్రంతో కొలిచిన సాక్ష్యం ఉండాలని 183వ సెక్షన్ చెబుతుంది. కమిటీని కదిలించడానికి మాత్రం చాలు.

112వ సెక్షన్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక మినహాయింపు ఉంది. పరిమితి నెల రోజులకు మించకపోతే గెజిట్ ప్రకటన అక్కర్లేదు. 2027 గోదావరి పుష్కరాలు పన్నెండు రోజులే కాబట్టి రాజమండ్రి, కొవ్వూరు దారుల్లో ఇది పనికొస్తుంది. డెల్టాకు ఇంతకన్నా పెద్ద అక్కర ఏటా రెండుసార్లు వస్తుంది. నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోతలు, ఏప్రిల్‌లో దాళ్వా కోతలు. ఆ వారాల్లో రోడ్డులో సగం ధాన్యం ఆరబోతకే పోతుంది. బరకాల అంచుల మీద రాళ్లు పెట్టి ఉంటాయి. వెనక దీపం లేని ట్రాక్టర్లు చీకటిపడ్డాక మిల్లుకు బయల్దేరతాయి, సార్వాకైతే పైన పొగమంచు కూడా. రోడ్డు అదే అయినా రోడ్డు స్వభావం మారిపోతుంది, చట్టం అడిగే కారణం సరిగ్గా అదే. కోతలు సాగే ఆ నెల రోజులకు కాలువ గట్ల రోడ్లన్నిటికీ నలభై అని తాత్కాలిక బోర్డులు వేసి, ధాన్యం మిల్లుకు చేరాక పీకేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. రాష్ట్రం అధికారమిచ్చిన అధికారి సంతకం, వ్యవసాయ శాఖ కోతల తేదీలు, రేకు బోర్డులు కొన్ని ఉంటే సరిపోతుంది.